వాన పడితే ఎర్ర లైటు, పై అంతస్తులో సిగ్నల్ కరువు: నెట్ కంపెనీ మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. తిరుపతి కొర్లగుంటలో మూడంతస్తుల ఇల్లు. కింద జిరాక్స్, ఆన్‌లైన్ సేవల షాపు. మధ్యలో మీరుంటారు. పైన మీ అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తోంది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఇంటర్నెట్ ప్లాన్ కడుతున్నారు గానీ పైన ఫోన్‌లో 8, 10 దాటడం లేదు, మీటింగ్ మధ్యలో ఆగిపోతోంది. అది చాలదన్నట్టు నాలుగు చినుకులు పడితే ఫైబర్ వచ్చి కలిసే నెట్ బాక్స్ మీద ఎర్ర లైటు. కంపెనీ వాళ్లు ఆరు నెలల్లో రెండుసార్లు బాక్స్ మార్చినా మార్పు లేదు. 300 ప్లాన్‌కు వెళ్లాలా, కంపెనీనే మార్చేయాలా అని మీ ప్రశ్న.

ఇప్పటికి రెండూ వద్దు. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. పైన స్పీడు రాకపోవడం ఇంటి లోపలి వైఫై సమస్య. వానకు ఎర్ర లైటు రావడం స్తంభం నుంచి మీ బాక్స్ దాకా వచ్చే ఫైబర్ సమస్య. 300 ప్లాన్ తీసుకున్నా పై గదిలో ఆ పదే వస్తుంది. కంపెనీ మారినా కొత్త బాక్స్‌ను అదే మూలన పెట్టారంటే పైన పరిస్థితి మారదు. పాత బాక్స్ స్థానంలో కొత్త బాక్స్ పెడితే ఈ రెండింటిలో ఏదీ తీరదు, మీ విషయంలో జరిగింది అదే.

నేను తిరుపతిలో 17 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన రోజులు చూశాను, మిద్దె మీద స్విచ్ పెట్టి ఇంటింటికీ లాన్ కేబుల్ లాగిన రోజులు చూశాను, ఇప్పుడు ఫైబర్ జాయింట్లు వేస్తున్నాను. ఎప్పుడైనా నేను ముందు చూసేది ఒకటే. తప్పు బాక్స్‌కు బయటివైపు ఉందా, లోపలివైపు ఉందా? అది తేలాకే జేబులో చెయ్యి పెట్టాలి.

తేల్చడం మీ చేతిలో పనే. ఒక ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా బాక్స్‌కు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు, టీవీ కాసేపు వాడకుండా స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున 6 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి. రెండుసార్లూ 90 పైన వస్తే కంపెనీ ఇవ్వాల్సింది ఇస్తున్నట్టే. పొద్దున 95 వచ్చి రాత్రి 30కి పడితే మీ ఏరియాకు కంపెనీ తెచ్చిన లైన్ ఇరుకైందని అర్థం. అప్పుడు మాత్రం కంపెనీ మార్చడం గురించి ఆలోచించవచ్చు.

ఇక్కడ ఒక చిన్న మాట. 100 మించిన ప్లాన్ ఉండి కూడా ఎప్పుడు చూసినా సరిగ్గా 94, 95 దగ్గరే ఆగుతోందంటే అది లాన్ కేబుల్ లేదా పోర్టు పరిమితి. 100 స్పీడుకు కేబుల్‌లో నాలుగు తీగలు చాలు, అంతకు మించి వెళ్లాలంటే ఎనిమిదీ కలవాలి. 300 ప్లాన్ కట్టి, క్లిప్పులో ఒక తీగ సరిగా కూర్చోక ఏడాది పాటు 94తో సరిపెట్టుకున్నవాళ్లను చూశాను. కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్ (1000 దాకా), మిగతావి 100 వరకే ఉంటాయి. అది కూడా చూసుకోండి.

వాన, ఎర్ర లైటు సంగతి

ఆ ఎర్ర లైటు పక్కన 'లాస్' (LOS) అని ఉంటుంది. ఫైబర్‌లోంచి రావాల్సిన వెలుతురు రావడం లేదని, లేదా బాక్స్ గుర్తుపట్టలేనంత తక్కువగా వస్తోందని దానర్థం. అది నెట్ లైటు కాదు, వెలుతురు లైటు. పాస్‌వర్డులు, రీసెట్ బటన్లు దాన్ని ఏమీ చేయలేవు. ఎర్రగా ఉన్నప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నారంటే బాక్స్‌లో ఉన్న లాగిన్ వివరాలు కూడా పోయి కొత్త సమస్య వచ్చి పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

వెలుతురు ఎంత వస్తోందో మీరే చూడవచ్చు. బాక్స్ వెనుక స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, అదే స్టిక్కర్ మీదున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. 'ఆప్టికల్' లేదా 'పాన్' (PON) అనే పేజీలో 'ఆర్ఎక్స్ పవర్' (Rx Power) అని మైనస్‌తో ఒక అంకె కనిపిస్తుంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతున్నట్టు. మూడు తేడా వచ్చిందంటే వెలుతురు సగమైనట్టే. మామూలు ఇంటి బాక్స్ మైనస్ 27 దాకా పట్టుకుంటుంది, ఆ తర్వాత ఎర్ర లైటే.

మీ అంకె ఎంత ఉండాలో లెక్క వేద్దాం. కంపెనీ యంత్రం నుంచి వెలుతురు ప్లస్ 3 చుట్టూ బయలుదేరుతుంది అనుకోండి. దాన్ని స్ప్లిట్టర్ 32 ఇళ్లకు పంచేసరికి 17 దాకా పోతుంది. అంటే మైనస్ 14. దూరానికి, దారిలోని జాయింట్లకు ఇంకో 4, 5 పోయినా మీ ఇంటికి మైనస్ 18, 19 రావాలి. 64 ఇళ్లకు పంచితే ఇంకో మూడు తగ్గుతుంది. ఎండగా ఉన్న రోజే మీ బాక్స్ మైనస్ 26 చూపిస్తోందంటే దారిలో ఎక్కడో వెలుతురు కారిపోతోంది, గీత అంచున నడుస్తోందన్నమాట. చిన్న చినుకు పడినా గీత దాటుతుంది. బాక్స్ మార్చినప్పుడు ఈ అంకె చూడకుండా మార్చారంటే సమస్యను ముట్టుకోనట్టే.

నీళ్లకు గాజు కరగదు కదా, వానకూ ఫైబర్‌కూ ఏమిటి సంబంధం అని చాలామంది అడుగుతారు. ఫైబర్‌కు వానతో ఇబ్బంది లేదు, దాని అతుకులకు ఉంది. మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది ఇది. స్తంభం దగ్గర గానీ మిద్దె మీద గానీ తీగను మెషీన్‌తో అతకకుండా, చేత్తో బిగించే కనెక్టర్ వేసేస్తారు. ఐదు నిమిషాల పని. దాని లోపల రెండు గాజు కొనలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో చుక్కంత జెల్. మన మే నెల ఎండలో, 40 డిగ్రీలు దాటిన వేడికి, మిద్దె మీద అది ఎండిపోతుంది. కొనల మధ్య సందు పడుతుంది, దుమ్ము చేరుతుంది. ఎండాకాలం అంతా ఎలాగో లాక్కొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక తేమ లోపలికి దిగి, ఎర్ర లైటు వెలుగుతుంది. వాన ఆగి రెండు గంటల ఎండ తగిలితే దానంతటదే వచ్చేస్తుంది. అందుకే టెక్నీషియన్ వచ్చేసరికి అంతా బాగానే కనిపిస్తుంది. ఏదో ఒకటి చేశామనిపించుకోవడానికి బాక్స్ మార్చి వెళ్తారు. మీకు జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం.

ఇంకో అనుమానం, రెండుసార్లు బాక్స్ మార్చారు అన్నారు కాబట్టి. ఫైబర్ కొన పచ్చగా ఉందా నీలంగా ఉందా చూడండి, బాక్స్ పోర్టు రంగు కూడా చూడండి. పచ్చదాని కొన 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది, నీలానిది వాలు లేకుండా ఉంటుంది. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరుతాయి, నెట్ కూడా వస్తుంది, కానీ మధ్యలో సందు వల్ల వెలుతురు బాగా పోతుంది. పాత బాక్స్‌కు పచ్చ పోర్టు ఉండి కొత్తదానికి నీలం పోర్టు ఉంటే, మధ్యలో వైరు కూడా మార్చాలి. బైరాగిపట్టెడలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు నాలుగు నెలలుగా పడుతున్న బాధకు కారణం ఈ రంగు తేడాయే. రెండు వైపులా సరైన రంగు ఉన్న చిన్న వైరు పెట్టగానే మైనస్ 25 నుంచి మైనస్ 20కి వచ్చింది.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కొండ మీంచి దిగే కోతులు తీగలు పట్టుకుని ఊగుతాయి. తీగ తెగకపోయినా పిట్టగోడ అంచు దగ్గర గట్టిగా వంగిపోతుంది, ఆ వంపులోంచి వెలుతురు బయటికి పోతుంది. కొబ్బరి చెట్టున్న ఇళ్లలో ఉడతలు పైతొడుగు కొరుకుతాయి. అక్కడ మిద్దె మీద ఉన్నంతమేర పీవీసీ పైపులో వేయించడం తప్ప నాకు వేరే మార్గం దొరకలేదు. మీ కొర్లగుంటలో కోతుల బెడద అంత లేదు గానీ, వంపు మాత్రం చూసుకోండి. బొటనవేలికి చుట్టినంత చిన్న వంపు ఎక్కడా ఉండకూడదు.

తీగ గాల్లో వేలాడుతోంది కాబట్టే ఇలా అవుతోందని ఒక మాట రాశారు. వేలాడటం తప్పు కాదు. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన మన రాష్ట్రపు ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ తీసుకెళ్లింది. చూడాల్సింది అతుకు ఎక్కడుంది, డబ్బా మూత సరిగా పడిందా అన్నదే.

కాబట్టి ఈసారి ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అనకండి. "ఎండరోజు ఇంత, వానరోజు ఇంత చూపిస్తోంది, స్తంభం దగ్గర, బాక్స్ దగ్గర వెలుతురు కొలిచే పవర్ మీటర్ పెట్టి తేడా చూడండి" అనండి. స్తంభం నుంచి ఇంటికి ఉండే 50, 60 మీటర్లలో ఒకటి, ఒకటిన్నర కంటే ఎక్కువ పోకూడదు. పోతే ఆ ముక్క మొత్తం కొత్తగా లాగి, రెండు కొనలూ మెషీన్‌తో అతకమని అడగండి. స్తంభం దగ్గరే తక్కువ ఉంటే తప్పు ఇంకా వెనక ఉంది, మీ వీధిలో మరికొందరికీ ఇదే బాధ ఉంటుంది. వాళ్లతో కలిసి ఫిర్యాదు పెడితే పని త్వరగా అవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఫైబర్ కొనలోకి ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చే వెలుతురు కంటికి కనిపించదు, కానీ కంటికి మంచిది కాదు. షాపులో పిల్లలెవరైనా వైరు పీకి ఆడుతుంటే ఆపండి. రెండోది, ఫైబర్ పక్కనే ఉండే ఉక్కు తీగను గోడ బయటే కత్తిరించి ఆపేయాలి. అది బాక్స్ దాకా వస్తే పిడుగుపాటుకు దారి ఇచ్చినట్టు. ఫైబర్ గాజు కాబట్టి కరెంటు పారదు, ఉక్కు తీగలో పారుతుంది.

ఇక పై అంతస్తు

మీ అమ్మాయికి 10 ఎంబీపీఎస్ వస్తోంది అన్నారు. నిజానికి ఒక వీడియో మీటింగ్‌కు 3, 4 చాలు. మరి ఎందుకు ఆగుతోంది? సిగ్నల్ తెగి తెగి రావడం వల్ల. స్పీడ్ టెస్ట్ ఇది చూపించదు. ఒక పరీక్ష చెబుతాను. పై గదిలో ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ping -t 192.168.1.1 అని కొట్టి (దీన్నే పింగ్ అంటారు), రెండు నిమిషాలు ఆగకుండా నడవనివ్వండి. అది మీ ఇంట్లోని బాక్స్‌నే పలకరించడం, బయటి ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు. జవాబు 10 మిల్లీసెకన్ల లోపు నిలకడగా రావాలి. మధ్యమధ్యలో 200, 500 అని దూకినా, టైమవుట్ అని వచ్చినా అది వంద శాతం వైఫై. కంపెనీకి ఫోన్ చేసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

మీ బాక్స్ షాపులో, కౌంటర్ కింద ఉందని రాశారు. అక్కడి నుంచి పై గదికి రెండు స్లాబులు. ఒక్కో స్లాబులో ఇనుప కమ్మీల వల. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక స్లాబు దాటేసరికే నీరసపడుతుంది, రెండోది దాటదు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాటుతుంది గానీ, కొర్లగుంటలాంటి ఇరుకు వీధుల్లో చుట్టుపక్కల 20, 30 వైఫైలు అదే దారిలో కొట్టుకుంటుంటాయి.

చాలామంది ఇక్కడ రిపీటర్ కొంటారు. నా మాట వినండి, కొనకండి. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో ఒకవైపు విని, మరోవైపు చెబుతుంది కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. పైగా నీరసమైన సిగ్నల్ ఉన్న చోట పెడితే ఆ నీరసాన్నే పంచుతుంది. చేయాల్సింది కింది నుంచి పైకి ఒక క్యాట్ 6 రకం లాన్ కేబుల్ లాగి, పైన ఇంకో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా పంచేలా పెట్టడం. లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీకు 15 మీటర్లు కూడా పట్టదు. బయట గోడ మీదుగా లాగితే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు రకం తీసుకోండి. మెట్ల పక్క నుంచి లోపలే వస్తే మరీ మంచిది. కరెంటు పైపులో మాత్రం కలపకండి.

మీ దగ్గర పాత రూటర్ ఉంటే అదే చాలు. దాంట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే ముందు దాని అడ్రస్‌ను 192.168.1.2కి మార్చండి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అడ్రసులు పంచే పని) ఆపేయండి, కింది బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ను దాని లాన్ పోర్టులో పెట్టండి, వాన్ పోర్టులో కాదు. కింది బాక్స్ చిరునామా వేరైతే దాన్ని బట్టి అంకె మార్చుకోండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు వేర్వేరు మాటలు చెప్పినట్టు అవుతుంది, ఒక ఫోన్‌కు నెట్ వస్తుంది, పక్క ఫోన్‌కు రాదు. తిరుచానూరు రోడ్డులో ఒక చిన్న లాడ్జిలో ఇలాంటి తప్పు పట్టుకోవడానికి నాకు పూట పట్టింది. ఎవరో గదిలో పెట్టి మరిచిపోయిన రూటర్ ఒకటి తనూ అడ్రసులు పంచుతోంది.

రెండు చోట్లా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి, ఫోన్ పైకి వెళ్లగానే పై సిగ్నల్ పట్టుకుంటుంది. 2.4లో కింద ఛానెల్ 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మీ అమ్మాయి టేబుల్ దగ్గరికి ఆ రూటర్ నుంచి ఇంకో చిన్న కేబుల్ లాగి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెడితే మీటింగ్‌కు అంతకంటే భరోసా లేదు.

కింద బాక్స్‌ను కౌంటర్ కింద నుంచి తీసి గోడకు మనిషి ఎత్తులో బిగించండి. ఇది సిగ్నల్ కోసమే చెప్పడం లేదు. 2021 నవంబరు వరదల్లో నీళ్లు షాపుల్లోకి వచ్చినప్పుడు, కింది అరలో పెట్టిన బాక్సులు ఎన్ని పాడయ్యాయో నేను చూశాను.

షాపు గురించి విడిగా

రూ.300 దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున మీ షాపులో స్పీడు పడిపోతోందని రాశారు. అది మీ నెట్ తప్పు కాకపోవచ్చు. ఒకేసారి లక్షల మంది వస్తే సైటే అందరినీ క్యూలో నిలబెడుతుంది. 300 ప్లాన్ ఉన్నవాడూ అదే క్యూలో ఉంటాడు. కస్టమర్లు మిమ్మల్ని తప్పుపట్టకుండా ఆ సమయంలో ఇంకో ట్యాబ్‌లో వేరే సైటు తెరిచి చూపించండి.

షాపు ఆగకూడదంటే రెండో లైన్ అవసరమే. అయితే రెండో ఫైబర్ తీసుకుంటే, రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే, రోడ్డు పనుల జేసీబీ వచ్చిన రోజు రెండూ కలిసే పోతాయి. గాంధీ రోడ్డు వైపు ఒక మందుల షాపుకు నేనే అలా రెండు ఫైబర్లు పెట్టించాను. స్తంభం ఒరిగిన రోజు రెండూ ఆగిపోయాయి. ఆ తప్పు నాదే. అప్పటినుంచి ఒకటి ఫైబర్, ఒకటి సిమ్ వేసే రూటర్ అని చెబుతున్నాను. సిమ్ కొనే ముందు షాపులో కూర్చుని ఫోన్‌లో ఏ నెట్‌వర్క్ బాగుందో పరీక్షించుకోండి.

కరెంటు పోయినా నెట్ పోకుండా ఉండటానికి ఒక మినీ యూపీఎస్ చాలు. బాక్స్ అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసి అదే రకం తీసుకోండి. ఇంకో మాట, బాక్స్ తనంతట తానే ఆగి మొదలవుతుంటే, అంటే ఎర్ర లైటు కాకుండా అన్ని లైట్లూ ఆరి వెలుగుతుంటే, మొదట అడాప్టరే మార్చి చూడండి. రెండు, మూడేళ్లకు అవి నీరసపడతాయి.

సీసీ కెమెరాలు బయటి నుంచి చూడటానికి బాక్స్ సెట్టింగుల్లో పోర్టు తెరవమని (పోర్ట్ ఫార్వర్డింగ్) ఎవరైనా చెబితే, ముందు బాక్స్ స్టేటస్ పేజీలో బయటి అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు చాలామందితో కలిసి ఒకే అడ్రస్ వాడుతున్నట్టు. పోర్టు తెరిచినా పనిచేయదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూడటమే సులువు, లేదంటే స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే ఉండే మారని అడ్రస్ కొనాలి.

ఫిర్యాదు సంగతి. ఫోన్ చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి, తేదీ, టైము, ఆ రోజు రీడింగ్ ఒక కాగితం మీద రాసుకోండి, ఎర్ర లైటు ఫొటో తీసుకోండి. అక్కడ తీరకపోతే అదే కంపెనీలో అప్పీల్ అధికారి ఉంటారు, డాకెట్ నంబరు ఉంటేనే అక్కడికి వెళ్లగలరు. ప్రభుత్వ నిర్వచనం చూపించి వాదించడం వల్ల ఉపయోగం లేదు. 2023 జనవరిలో పెంచాక కూడా కనీసం 2 ఎంబీపీఎస్ వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చు. మీరు కట్టిన ప్లాన్, లాన్ కేబుల్‌తో తీసిన టెస్ట్, ఆ మైనస్ అంకె, ఈ మూడూ పట్టుకుని మాట్లాడండి.

ముందు వాన లేని రోజు ఒక రీడింగ్, ఎర్ర లైటు వచ్చిపోయిన వెంటనే ఇంకో రీడింగ్ తీసి రాయండి. దాంతో పాటు ఫైబర్ కొన రంగు, బాక్స్ పోర్టు రంగు కూడా. స్తంభం దగ్గర పని ఉందా, మిద్దె మీదే ఉందా అన్నది ఆ నాలుగు వివరాలతో చాలావరకు చెప్పగలను.